అలారం అందరూ వింటారు, చూసుకోవలసింది ఎవరు?

ప్రశ్న: ల్యాబ్ టెక్నీషియన్

అందరికీ నమస్కారం. నేను ఒక వైద్య పరీక్షల ల్యాబులో టెక్నీషియన్‌ని. పదవి ఏమీ లేదు. మా షిఫ్టులో మిగతావారికంటే కాస్త ఎక్కువకాలంగా ఉన్నాను, అంతే. చేతిలో అధికారం లేనివాళ్లు ఒక పనికి ఎంతవరకు బాధ్యత తీసుకోవచ్చు, తీసుకుంటే ఎలా తీసుకోవాలి అన్నది నా ప్రశ్న. సంగతి చెబితే గాని అర్థం కాదు కాబట్టి మొత్తం రాస్తున్నాను.

మా రియేజెంట్ల (పరీక్షల్లో వాడే రసాయనాల) ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. హద్దు దాటితే అలారం మోగుతుంది. ఈమధ్య అది తరచూ మోగుతోంది. ఎవరు దగ్గరగా ఉంటే వారు వెళ్లి, శబ్దం ఆపే బటన్ నొక్కి, తమ పనికి తాము వచ్చేస్తారు. ఉష్ణోగ్రత రాయడానికి తలుపు మీద ఒక షీటు ఉంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రాయాలి. ఆ షీటులో పైనుంచి కిందికి 4, 4, 4 అనే ఉంది. ఇన్నిసార్లు అలారం మోగే ఫ్రిజ్‌లో ఎప్పుడూ 4 ఎలా ఉంటుందని అనుమానం వచ్చి, థర్మామీటరు గుర్తుపెట్టుకున్న గరిష్ఠ రీడింగు చూశాను. 11 చూపించింది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ కింది మూలలో సడలిపోయి ఉంది.

ఆ రోజు నుంచి నేనే చూడటం మొదలుపెట్టాను. తలుపు ఆ మూలలో నొక్కి మూయడం, అసలు రీడింగు చూసి రాయడం, గరిష్ఠం 8 దాటిందంటే కంట్రోల్ శాంపిళ్లు (ఫలితం ఎంత రావాలో ముందే తెలిసిన నమూనాలు) మళ్లీ నడిపించి చూడటం, అన్నీ నేనే. ఇప్పుడు ఏమైందంటే, అలారం మోగితే నన్ను పిలుస్తున్నారు. "మేడమ్, మీ ఫ్రిజ్ మోగుతోంది" అంటున్నారు. సెలవు నుంచి తిరిగి వచ్చేసరికి షీటు ఖాళీగా ఉంది. మునుపు కనీసం 4 అని రాసేవారు, ఇప్పుడు అదీ లేదు. ఇన్‌ఛార్జి గారితో చెబితే "మీరు చూసుకుంటున్నారు కదా, చూసుకోండి" అన్నారు. పట్టీ మార్చడానికి సర్వీసు వాళ్లను పిలవాలంటే మాత్రం ఆయన సంతకమే కావాలి.

వదిలేద్దామంటే మనసు ఒప్పదు. మేము ఇచ్చే ఫలితం చూసి ఎక్కడో ఒక డాక్టరు ఒక మనిషికి మందు మోతాదు మారుస్తారు. పట్టుకుందామంటే ఈ ఫ్రిజ్‌తో మొదలై ఎవరికీ చెందని ప్రతి పనీ నా దగ్గరికే వస్తోంది. నాయకత్వం గురించి ఎవరు మాట్లాడినా "ముందుకు రండి" అంటారు. ముందుకు వచ్చాను. ఇప్పుడేం చేయాలి?

జవాబు 1: ఖాతాల విభాగం ఉద్యోగి

సూటిగా చెబుతున్నాను, నొచ్చుకోకండి. సర్వీసు వాళ్లను పిలిచే హక్కు మీకు ఇవ్వకుండా ఫ్రిజ్‌ను మీకు అప్పగించారంటే, అప్పగించింది పని కాదు, నింద. రేపు ఏదైనా జరిగితే "ఆవిడే చూసుకునేది" అంటారు. ఒక ఈమెయిల్ రాసి, తేదీతో సహా భద్రపరుచుకుని, మీ బెంచి పని మీరు చూసుకోండి. మంచివాళ్లు అలిసిపోయి ఉద్యోగం వదిలి వెళ్లడం నేను చాలా చూశాను. ఇలాంటి చోటనే అది మొదలవుతుంది.

జవాబు 2: విశ్రాంత షిఫ్ట్ ఇన్‌ఛార్జి, కర్మాగార నిర్వహణ విభాగం

అమ్మా, పై మిత్రుడు చెప్పినదాంట్లో సగం నిజం. అధికారం లేని బాధ్యత మనిషిని అరగదీస్తుంది. అయితే ఈమెయిల్ రాసి ఊరుకుంటే మీ ఇన్‌ఛార్జి గారూ క్షేమంగా ఉంటారు, మీరూ క్షేమంగా ఉంటారు, ఫ్రిజ్ మాత్రం 11 దగ్గరే ఉంటుంది. నా ఉద్యోగమంతా యంత్రాల మధ్య, షిఫ్టుల మధ్య గడిచింది. మీరు చెప్పింది చదువుతుంటే మా లాగ్‌బుక్కు పేజీలు కళ్ల ముందు మెదిలాయి. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందుగా ఒక మాట. మీ తోటివాళ్లు చెడ్డవాళ్లు కారు. 1968లో బిబ్ లటానే, జాన్ డార్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం చేశారు. ఒక గదిలో విద్యార్థి కూర్చుని ప్రశ్నావళి నింపుతుంటే గోడలోని రంధ్రం గుండా పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవారిలో 75 శాతం మంది లేచి వెళ్లి పొగ సంగతి చెప్పారు. ఇంకో విద్యార్థి పక్కన, ఏమీ పట్టనట్టు కూర్చోమని ముందే చెప్పి ఉంచిన ఇద్దరిని కూర్చోబెట్టినప్పుడు, లేచి వెళ్లి చెప్పినవారు 10 శాతమే. కళ్లు మండుతున్నా, దగ్గు వస్తున్నా కాగితం నింపుతూ కూర్చున్నారు. పక్కవాడి ముఖంలో కంగారు లేదు కాబట్టి ఇది కంగారు పడవలసిన విషయం కాదేమో అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. పదిమంది చేరితే పాము చావదని మన పెద్దలు ఊరికే అనలేదు.

మీ అలారం సంగతిలో దీనికి తోడు మరొకటి ఉంది. శబ్దం ఆపిన మనిషి తనకు తెలియకుండానే తర్వాతి మనిషికి అందవలసిన సమాచారాన్ని చెరిపేస్తున్నాడు. బటన్ నొక్కినట్టు ఎక్కడా గుర్తు మిగలదు. అందుకే అలారం ఎన్నిసార్లు మోగినా, వినే ప్రతి ఒక్కరికీ అది మొదటిసారే.

ఇక మా దగ్గర ఏం చేసేవాళ్లమో చెబుతాను. పెద్ద యంత్రం మరమ్మతుకు దిగేముందు కరెంటు స్విచ్చి ఆపి దానికి తాళం వేస్తాం. యంత్రం లోపల చేయి పెట్టే ప్రతి మనిషీ తన సొంత తాళం వేయాలి. ఆరు కన్నాలు ఉన్న ఇనుప కొక్కెం ఒకటి ఉంటుంది, ఆరుగురు ఆరు తాళాలు దానికే తగిలిస్తారు. ప్రతి తాళానికీ పేరున్న ట్యాగు. తాళంచెవి ఎవరిది వారి జేబులో. అందరి తాళాలూ తీస్తే తప్ప స్విచ్చి కదలదు. అమెరికాలో 1989లో ఇది కార్మిక భద్రతా నిబంధనగా వచ్చింది, ఎన్నో దేశాల కర్మాగారాల్లో ఇదే పద్ధతి. షిఫ్టు మారేటప్పుడు పని ఇంకా మిగిలి ఉంటే, వచ్చినవాడు తన తాళం వేశాకే వెళ్లేవాడు తన తాళం తీస్తాడు. ఆ రెండింటి మధ్య యంత్రం ఒక్క క్షణం కూడా ఎవరి తాళమూ లేకుండా ఉండకూడదు.

నాకు బాధ్యత అనగానే గుర్తొచ్చేది ఆ కొక్కెమే. "మనమందరం జాగ్రత్తగా ఉందాం" అనే బోర్డు పక్క గోడ మీద ఉండేది. దాన్ని చదివి స్విచ్చి వైపు వెళ్లినవాణ్ని నేను చూడలేదు. కొక్కెం దగ్గర మాత్రం ఎవరూ తప్పించుకోలేరు, ఎందుకంటే అక్కడ పేరు ఉంటుంది. ఆ పేరు రాసుకున్నది కూడా ఆ మనిషే, వేరొకరు కాదు.

ఇప్పుడు లాగ్‌బుక్కు సంగతి. మా దగ్గర ఒక షిఫ్టువాళ్లు తర్వాతి షిఫ్టుకు రాసే గమనికలు ఎలా ఉండేవంటే, "రెండో నంబరు మోటారు బేరింగ్ వేడెక్కుచున్నది. గమనించగలరు." ఎవరు గమనించాలి? ఎప్పటిలోగా? ఏ స్థాయి దాటితే ఆపాలి? ఏమీ ఉండదు. తర్వాతి షిఫ్టువాడు చదివి, తను కూడా "గమనించగలరు" అని రాసి వెళ్తాడు. అలా షిఫ్టు మీద షిఫ్టు దాటుకుంటూ వెళ్లి ఒక రాత్రి ఆ బేరింగ్ బిగుసుకుపోయింది. పుస్తకం తెరిచి చూస్తే, తప్పు చేసినవాడు ఒక్కడూ లేడు. అందరూ రాశారు, అందరూ చదివారు, అందరి సంతకాలూ ఉన్నాయి.

ఆ తర్వాత ప్రతి గమనిక చివరా ఒక పేరు, ఒక సమయం ఉండాలని నియమం పెట్టాను. ఒక విషయం మీకు ప్రత్యేకంగా చెప్పాలి, ఇది ఎవరూ ముందు చెప్పరు. పేర్లు రాయాలనగానే గమనికలే తగ్గిపోయాయి. ఎదుటివాడి పేరు రాసి వాణ్ని ఇరికించడం ఎవరికీ ఇష్టం లేదు, తన పేరు రాసుకుని తాను ఇరుక్కోవడమూ ఇష్టం లేదు. యంత్రం వేడెక్కుతున్నా రాయడం మానేశారు. అది ముందటి స్థితికంటే ప్రమాదం. అప్పుడు నియమానికి ఇంకొకటి చేర్చాం: ఎదురుగా నిలబడి చెప్పకుండా ఎవరి పేరూ రాయకూడదు, వాళ్లు "సరే" అనాలి. "సరే" అనకపోతే ఇన్‌ఛార్జి పేరు, అంటే నా పేరు రాయాలి. అలా మొదటి వారాల్లో పేజీ నిండా నా పేరే ఉండేది. దానికి నేను సిద్ధపడ్డాను. ఒక్కొక్క పనీ తీసుకుని, ఎవరి నైపుణ్యానికి అది సరిపోతుందో వారి దగ్గరికి వెళ్లి మాట్లాడేవాణ్ని. నెమ్మదిగా పేజీ మీద వేరే పేర్లు రావడం మొదలైంది.

మీకు ఇన్‌ఛార్జి పదవి లేదు కాబట్టి నియమాలు పెట్టలేరు. అయినా ఈ మూడూ మీ చేతిలో ఉన్నాయి. షీటులో ఒక గడి పెంచండి: అలారం ఆపినవారు సమయం, అప్పటి రీడింగు, పేరు రాయాలి. ముందు మీరే రాయడం మొదలుపెట్టండి. రెండోది, "మీ ఫ్రిజ్ మోగుతోంది" అని ఎవరైనా పిలిస్తే పరుగెత్తకండి. "రీడింగు ఎంత ఉంది?" అని అడగండి. చూసి వచ్చి చెప్పాక "షీటులో రాస్తారా?" అనండి. కోపంగా కాదు, మామూలుగా. మూడోది ఆ రబ్బరు పట్టీ. అది మీ చేతిలో లేని పని. దాన్ని మీ భుజం మీద మోయకండి, ఎవరి చేతిలో ఉందో వారి బల్ల మీద పెట్టండి, జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి తీయకండి. తలుపును మీరు రోజూ నొక్కి మూస్తున్నంతకాలం పట్టీ పాడైందన్న సంగతి ఇన్‌ఛార్జి గారికి కనపడదు.

నేనైతే బాధ్యత తీసుకోవడాన్ని ఇలా అర్థం చేసుకున్నాను: ఫలానా పని ఎవరిదో తేలేదాకా వదలకపోవడం. ఆ పనంతా మనమే చేసేయడం వేరే సంగతి. అది చాలాసార్లు ఆ పని ఎవరిదో తేలకుండా అడ్డుపడుతుంది.

టొయోటా కార్ల కర్మాగారాల్లో లైను పక్కనే ఆండాన్ అనే తాడు, ఇప్పుడు కొన్నిచోట్ల దాని బదులు బటన్, ఉంటుంది. లోపం కనిపించిన ఏ కార్మికుడైనా దాన్ని లాగవచ్చు. లాగగానే టీమ్ లీడర్ అక్కడికి వస్తాడు. కారు ఆ పనిచోటు దాటేలోగా ఇద్దరూ సరిచేయలేకపోతే లైను ఆగుతుంది. చూడవలసింది ఏమిటంటే, తాడు లాగినందుకు ఆ లోపం కార్మికుడి సొంతం అయిపోదు. లాగడం అతని పని, రావడం లీడర్ పని. మీరు తాడు లాగారమ్మా. రావలసినవారు "నువ్వే చూసుకో" అన్నారు. అక్కడ తెగింది.

జవాబు 3: ల్యాబ్ టెక్నీషియన్

సార్, మీరు ఇంత శ్రద్ధగా రాసినందుకు కృతజ్ఞతలు. తలుపు నొక్కి మూయడం వల్లే పట్టీ సంగతి ఆయనకు కనపడటం లేదన్న మాట నాలుగైదుసార్లు చదువుకున్నాను. అలా ఎప్పుడూ ఆలోచించలేదు.

రెండు భయాలు ఉన్నాయి. "రీడింగు ఎంత?" అని అడిగితే నేను పెత్తనం చేస్తున్నానని తోటివాళ్లు అనుకోరా? మాలో ఎవరూ ఎవరికీ పైవారు కారు. ఇక ఇన్‌ఛార్జి గారు మంచివారే, కానీ పని ఒత్తిడిలో ఉంటారు. రాతపూర్వకంగా పెడితే తన మీద ఫిర్యాదు చేస్తున్నానని అనుకుంటారేమో.

ఇంకొకటి. చిన్నవాళ్లలో ఒక అమ్మాయి ఉంది. ఆమెకు పట్టీ సంగతి నాకంటే ముందే తెలుసట. "చెప్పి ఏం లాభం మేడమ్, ఇక్కడ ఏదీ మారదు" అంది. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. చేరి ఎక్కువకాలం కాలేదు, అప్పుడే అలా ఎందుకు అనుకుంటోంది?

జవాబు 4: ఆపరేషన్ థియేటర్ నర్సు

పెత్తనం గురించి అడిగారు కాబట్టి నా అనుభవం చెబుతాను. ఆపరేషన్ థియేటర్‌లో అంతస్తులు చాలా గట్టిగా ఉంటాయి. సర్జన్‌కు నర్సు అడ్డు చెప్పడం సులువు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సల కోసం 19 అంశాల చెక్‌లిస్టు తెచ్చింది. మత్తు ఇచ్చేముందు, కోత పెట్టేముందు, రోగిని బయటికి పంపేముందు, మూడుసార్లు ఆగి చూసుకోవాలి. దాన్ని ఎనిమిది దేశాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో పరీక్షించారు, ఫలితాలు 2009లో వచ్చాయి. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, తీవ్రమైన సమస్యలు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి.

అందులో ఒక అంశం, కోత పెట్టేముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పాత్ర పైకి చెప్పడం. మొదట్లో నాకు అది అనవసరం అనిపించింది. రోజూ కలిసి పనిచేసేవాళ్లకు పేర్లు చెప్పుకోవడం ఎందుకు? చేస్తూ చేస్తూ అర్థమైంది. ఒకసారి గొంతు విప్పిన మనిషి రెండోసారి విప్పడానికి అంత సంకోచించదు. గాజుగుడ్డల లెక్క తేడా వచ్చినప్పుడు "డాక్టర్ గారూ, ఒకటి తక్కువగా ఉంది, ఆగండి" అని నేను అనగలిగానంటే, అంతకుముందే ఆ గదిలో నా గొంతు వినిపించింది కాబట్టి.

మీ విషయంలో నాకు తోచేది, అడగడాన్ని మనిషి నుంచి విడదీయండి. షీటు అడుగుతోంది, మీరు కాదు. చెక్‌లిస్టు వచ్చాక మా పెద్ద సర్జన్‌ను "యాంటీబయాటిక్ ఇచ్చారా?" అని అడగడం కొత్త నర్సుకు కూడా సులువైంది, ఎందుకంటే ఆమె ఆయన్ను ప్రశ్నించడం లేదు, కాగితం చదువుతోంది. షీటులో "అలారం ఆపినవారి పేరు" అనే గడి ఉంటే అది నింపమనడం పెత్తనం అవదు. ఆ గడిలో మొదట మీ పేరు, వీలైతే రెండోది ఇన్‌ఛార్జి గారి పేరు పడేలా చూడండి. ఆయన ఒక్కసారి రాస్తే మిగతావారు తప్పక రాస్తారు.

జవాబు 5: మనస్తత్వ శాస్త్రం బోధించే లెక్చరర్

"చెప్పి ఏం లాభం" అన్న అమ్మాయి గురించి రాస్తాను.

1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద ప్రయోగం చేశారు. కొన్ని కుక్కలు తలతో పలకను నొక్కి విద్యుత్ షాక్‌ను ఆపగలిగేవి. కొన్ని ఏం చేసినా ఆపలేవు. తర్వాత అన్నిటినీ, చిన్న గోడ దూకితే చాలు తప్పించుకోగలిగే పెట్టెలో వదిలారు. అదుపు ఉన్న కుక్కలు దూకాయి. అదుపు లేని వాటిలో చాలా కుక్కలు దూకే ప్రయత్నమే చేయకుండా పడి ఉన్నాయి. నేర్చుకున్న నిస్సహాయత అనే భావన అక్కడి నుంచి వచ్చింది. క్రూరమైన ప్రయోగాలే, కానీ తర్వాత జరిగింది చాలామందికి తెలియదు. 2016లో అదే ఇద్దరు, దశాబ్దాల మెదడు పరిశోధన తర్వాత, తమ పాత సిద్ధాంతం తలకిందులుగా ఉందని రాశారు. తప్పించుకోలేని కష్టం చాలాసేపు ఉంటే చతికిలబడిపోవడం ప్రాణికి సహజంగానే వస్తుంది, దాన్ని నేర్చుకోనక్కర్లేదు. నేర్చుకోవలసింది "నేను చేస్తే మారుతుంది" అన్నది. మెదడు ముందుభాగం ఆ అదుపును గుర్తించి, చతికిలబడే స్పందనను అణచివేస్తుంది.

నేను దీన్నిబట్టి ఆ అమ్మాయిని బద్ధకస్తురాలు అనుకోను. ఆమెకు ఇంతవరకూ "నేను చెప్పాను, అది మారింది" అన్న అనుభవం ఒక్కటీ దొరకలేదు. ఉపన్యాసంతో అది రాదు. పట్టీ మార్పించే పనిలో ఆమెను కలుపుకోండి. పట్టీ సడలడం ముందు చూసింది ఆమే అని ఇన్‌ఛార్జి గారికి చెప్పండి. కొత్త పట్టీ వచ్చిన రోజు ఆమె అక్కడ ఉండేలా చూడండి. మీరు ఒక్కరే అన్నీ చక్కబెట్టేస్తే, ఆమె చూసేది "మేడమ్ చేస్తే మారుతుంది" అని మాత్రమే.

జవాబు 6: విశ్రాంత షిఫ్ట్ ఇన్‌ఛార్జి

లెక్చరర్ గారు చెప్పిన చివరి మాటకు నా నమస్కారం. ఎన్నో ఏళ్లు పనిలో గమనిస్తూ వచ్చాను గాని ఇంత స్పష్టంగా చెప్పలేకపోయాను. మా దగ్గర ఏ మోటారు శబ్దం మారినా చెవితో పట్టేసే మేస్త్రీ ఒకరు ఉండేవారు. ఆయన ఉన్న షిఫ్టులో మిగతా కుర్రవాళ్లు అసలు వినడమే మానేశారు.

ఇన్‌ఛార్జి గారి గురించి అడిగారు కదా అమ్మా. 1974లో విలియం ఓంకెన్, డొనాల్డ్ వాస్ అనేవారు ఒక వ్యాసంలో చొరవకు ఐదు మెట్లు చెప్పారు. చెప్పేదాకా ఆగడం. ఏం చేయమంటారని అడగడం. ఇలా చేద్దామని సూచించి, ఒప్పుకున్నాక చేయడం. చేసేసి వెంటనే తెలియజేయడం. తనంతట తాను చేసి, మామూలుగా ఎప్పుడో ఒకసారి చెప్పడం. నేను దీన్ని మనిషి స్థాయిగా కాక, పని స్థాయిగా వాడేవాణ్ని. ఒకే మనిషి ఒక పనిలో ఐదో మెట్టు మీద, ఇంకో పనిలో మూడో మెట్టు మీద ఉండవచ్చు. తగవులన్నీ ఎక్కడ వస్తాయంటే, ఇన్‌ఛార్జి ఒక మెట్టు అనుకుంటాడు, పనిచేసేవాడు ఇంకో మెట్టు అనుకుంటాడు, ఇద్దరూ పైకి చెప్పుకోరు.

మీరు వెళ్లి ఆ మెట్టు అడిగేయండి. "షీటు, కంట్రోల్ శాంపిళ్లు నేను చేసి మీకు వారానికి ఒకసారి చెప్పనా? సర్వీసు విషయంలో మాత్రం మీ సంతకం కావాలి, ఎప్పటిలోగా వీలవుతుంది?" అని. ఇందులో ఫిర్యాదు ఎక్కడుంది? ఆయన పని తేలిక చేస్తున్నారు.

రాసే తీరు కూడా ముఖ్యం. 1999లో అమెరికా నౌకాదళానికి చెందిన శాంటా ఫే అనే జలాంతర్గామికి కొత్త కెప్టెన్ వచ్చి, కింది అధికారులు "అనుమతి ఇస్తారా?" అని అడిగే పద్ధతి మాన్పించాడు. "ఇది చేయబోతున్నాను, కారణం ఇది" అని వాళ్లే చెప్పాలి, అభ్యంతరం ఉంటే కెప్టెన్ ఆపుతాడు. ఆలోచించే పని అడిగేవాడి మీదే ఉంటుంది, ఆపే హక్కు పైవాడి దగ్గరే ఉంటుంది. మీ ఉత్తరం ఇలా ఉండవచ్చు:

"రియేజెంట్ ఫ్రిజ్ గరిష్ఠ ఉష్ణోగ్రత 11 వరకు వెళ్లింది. తలుపు పట్టీ కింది మూలలో సడలింది. సర్వీసు అభ్యర్థన పత్రం నింపి మీ బల్ల మీద ఉంచాను. పట్టీ మారేదాకా రియేజెంట్లను రెండో ఫ్రిజ్‌లోకి మార్చబోతున్నాను. అభ్యంతరం ఉంటే మధ్యాహ్నం రెండు గంటలలోగా చెప్పండి."

రెండో ఫ్రిజ్ మీకు ఉందో లేదో నాకు తెలియదు. లేకపోతే ఆ వాక్యం బదులు ఏం చేయగలరో అది రాయండి. ఉత్తరం ఇచ్చేముందు నోటితో చెప్పండి. ముందు మాట, తర్వాత కాగితం. ముందు కాగితం వెళ్తే ఎంత మంచి మనిషికైనా గుచ్చుకుంటుంది.

మొదటి మిత్రుడు అన్నది కూడా మరిచిపోకండి. ఇన్ని చేశాక కూడా సంతకం రాకపోతే, ఆయన పైవారికి, ఆయనకు తెలిసేలాగే, ఆ ఉత్తరం నకలు పంపండి. అప్పటికీ ఎవరూ కదలకపోతే ఆ చోటు సంగతి మీకు తెలిసిపోయినట్టే. అక్కడ ఉండాలా వద్దా అన్నది మీరు తీసుకోవలసిన నిర్ణయం, దాన్ని కూడా ఎవరికీ వదలకండి.

జవాబు 7: ల్యాబ్ టెక్నీషియన్

సార్, అందరికీ ధన్యవాదాలు. ఇన్‌ఛార్జి గారితో మాట్లాడాను. ఆ చిన్న అమ్మాయిని వెంట తీసుకెళ్లాను. గరిష్ఠ రీడింగు 11 అన్నది ఆమే చూపించింది. ఆయన ఫ్రిజ్ దగ్గరికి వచ్చి పట్టీ వేలితో లాగి చూశారు. అక్కడే నిలబడి సంతకం పెట్టారు. నేను ఇన్నాళ్లూ "ఫ్రిజ్ అలారం మోగుతోంది సార్" అని మాత్రమే చెబుతూ వచ్చాను, అంకె ఎప్పుడూ చెప్పలేదు. ఆయన ఎదురుగా నిలబడ్డాక అది తట్టింది.

షీటులో కొత్త గడి పెట్టాం. పగలు రెండు షిఫ్టుల్లో పేర్లు పడుతున్నాయి. రాత్రి షిఫ్టులో ఇంకా పడటం లేదు. అక్కడ ఒక్కరే ఉంటారు, వారితో నేను ఎప్పుడూ ఎదురుగా మాట్లాడలేదు. రేపు నా డ్యూటీ అయ్యాక ఉండి, వారు వచ్చేదాకా ఆగి మాట్లాడతాను.

జవాబు 8: విశ్రాంత షిఫ్ట్ ఇన్‌ఛార్జి

చాలా సంతోషం అమ్మా. ఒక్క ప్రశ్న అడుగుతాను, ఇంతవరకూ ఎవరం అడగలేదు. ఉష్ణోగ్రత 11కి వెళ్లిన రోజుల్లో ఆ రియేజెంట్లతో బయటికి వెళ్లిన ఫలితాలు ఉంటాయి కదా. వాటిని మళ్లీ చూడాలా వద్దా అన్నది ఎవరు నిర్ణయించాలి? వారికి ఈ సంగతి తెలుసా?

జవాబు 9: ల్యాబ్ టెక్నీషియన్

తెలియదు సార్. నిర్ణయించవలసింది మా పాథాలజిస్టు గారు, అంటే ల్యాబు ఫలితాలు చూసే డాక్టరు. నేను కంట్రోల్ శాంపిళ్లు మళ్లీ నడిపింది 11 కనిపించిన తర్వాతే. అంతకుముందు రోజుల సంగతి ఎవరూ చూడలేదు, షీటులో 4 అనే ఉంది కాబట్టి చూడాలని ఎవరికీ తోచలేదు. కంట్రోల్ రికార్డులు, కిట్ల లాట్ (తయారీ బ్యాచి) నంబర్లు తీసి పెట్టాను. ఇన్‌ఛార్జి గారికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను, తనూ వస్తానన్నారు. పొద్దున మొదటి శాంపిల్ పెట్టకముందే ఇద్దరం పాథాలజిస్టు గారి గదికి వెళ్తున్నాం.